ముందుమాట చివర చదవాలి: పుస్తక సమీక్షకురాలిగా నా అనుభవం

సమీక్ష కోసం పత్రికకు పుస్తకం పంపేవారు రెండు ప్రతులు పంపాలన్నది మన దగ్గర చాలాకాలంగా ఉన్న నియమం. ఒకటి పత్రిక కార్యాలయంలో ఉండిపోతుంది, రెండోది సమీక్షకుల చేతికి వస్తుంది. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ ఒక మాసపత్రికకు, అప్పుడప్పుడు ఒక దినపత్రిక ఆదివారం అనుబంధానికి పుస్తక సమీక్షలు రాస్తున్న నాకు ఆ రెండో ప్రతులే చేరుతుంటాయి. వాటిలో పేరున్న ప్రచురణ సంస్థలు వేసినవి తక్కువ. చాలా భాగం రచయితలే చేతి డబ్బు పెట్టుకుని మూడువందలో అయిదువందలో ప్రతులు అచ్చు వేయించి, తల్లి పేరు మీదో కూతురి పేరు మీదో ‘ఫలానా ప్రచురణలు’ అని వేసుకుని బయటికి తెచ్చినవి. రాసినవారి పేరు వారి జిల్లా దాటి ఎవరూ విని ఉండరు. అది వారి తొలి పుస్తకమే కావచ్చు, పదోది కూడా కావచ్చు. పది పుస్తకాలు వేసినా పేరు తెలియని రచయితలు తెలుగులో తక్కువేమీ కాదు.

ఇలాంటి రచయిత ఎనిమిది పత్రికలకు రెండేసి ప్రతులు పంపాడంటే, వేసుకున్న మూడువందల్లో పదహారు ఉచితంగా వెళ్లిపోయినట్టే. ముందుమాట రాసినవారికి, ఆవిష్కరణ సభలో వేదిక మీద కూర్చున్నవారికి, బంధుమిత్రులకు ఇచ్చేవి వేరు. దానికి తోడు పంపే ఖర్చు ఒకటి. 2024 డిసెంబరులో తపాలా శాఖ పుస్తకాలను తక్కువ ఖర్చుతో పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్టును నిలిపివేసినప్పుడు, వంద రూపాయల కవితా సంపుటిని కొరియరులో పంపడానికి వెలలో సగం పోతోందని నాతో వాపోయినవారున్నారు. 2025 మే 1 నుంచి పుస్తకాల కోసం తపాలా శాఖదే జ్ఞాన్ పోస్ట్ వచ్చి 300 గ్రాముల దాకా 20 రూపాయల ధర పెట్టాక వారికి కొంత ఊరట కలిగింది. ఈ లెక్కలన్నీ ఎందుకు చెబుతున్నానంటే, సమీక్ష రాకపోయినా, వచ్చీ ఏమీ చెప్పకపోయినా ఆ రచయితకు జరిగే నష్టం మనోభావాలకు మాత్రమే పరిమితం కాదు. పేరున్న రచయిత పుస్తకం సమీక్ష లేకుండానే పాఠకులను వెతుక్కుంటుంది. పేరులేని రచయితకు చాలాసార్లు పరిచయం లేని మనిషి తన పుస్తకం గురించి రాసిన వాక్యాలు సమీక్షలోని ఆ నాలుగు పేరాలే.

సంపాదకులు నెలకోసారి ఒక కట్ట పంపుతారు. అందులో ఉన్నవాటన్నిటికీ సమీక్షలు రావు, చోటు సరిపోదు. నేను రెండో మూడో ఎంచుకుంటాను, మిగిలినవి ‘అందిన పుస్తకాలు’ శీర్షిక కింద పేరు, పేజీలు, వెల, చిరునామాలతో సరిపెట్టుకోవలసి వస్తుంది. ఆ ఎంపికే మొదటి తీర్పు అన్న సంగతి రచయితలకు తెలుసు గాని, పాఠకులకు అంతగా తెలియదు. నేను ప్రతి పుస్తకంలోనూ మొదటి ఇరవై పేజీలు, ఆ తర్వాత మధ్యలో ఎక్కడో ఒక పదిహేను పేజీలు చదువుతాను. మొదటి పేజీలను రచయితలు పదిసార్లు దిద్దుకుంటారు, మధ్య పేజీల్లో వారి అసలు పనితనం బయటపడుతుంది. బాగున్న పుస్తకాన్నే ఎంచుకోవాలన్న నియమం నాకు లేదు. పొగడ్తకో తెగడ్తకో ఆధారంగా నిర్దిష్టంగా ఏదైనా చూపించగలిగిన పుస్తకాన్ని తీసుకుంటాను. తప్పులేమీ లేకుండా, చెప్పుకోవడానికి కూడా ఏమీ లేకుండా ఉన్న పుస్తకాన్ని సమీక్షించడం కంటే కష్టమైన పని ఇంకొకటి నేనెరగను.

తెలుగు పుస్తకంలో అసలు రచన మొదలయ్యే ముందు ముందుమాట, ఆప్తవాక్యం, అభినందన, శుభాకాంక్ష, చివరగా రచయిత రాసుకున్న ‘నా మాట’ వరసగా ఉంటాయి. అరవై నాలుగు పేజీల కవితా సంపుటిలో ఇవే ఒక ఫారం ఆక్రమించిన సందర్భాలున్నాయి, అంటే పదహారు పేజీలు. వీటిని నేను మొదట చదవను. పుస్తకం పూర్తయి, పెన్సిలుతో గుర్తులు పెట్టుకుని, నా అభిప్రాయం ఒక కాగితం మీద రాసుకున్న తర్వాతే ముందుమాటల దగ్గరకు వెళతాను. ఎందుకంటే ముందుమాట రాసేవారు సాధారణంగా చెయ్యి తిరిగిన రచయితలు, వారి మాటకు పట్టు ఉంటుంది. ఒకసారి వారు ‘మట్టి వాసన’ అన్నాక ఆ పుస్తకంలో మనకు మట్టి తప్ప ఇంకేదీ కనిపించదు. అచ్చయిన కొన్ని సమీక్షలను ముందుమాట పక్కన పెట్టి చూస్తే సమీక్షకులు పుస్తకంలో ఎంతదూరం వెళ్లారో తెలిసిపోతుంది. ఉదాహరించిన కవితా పాదాలు కూడా ముందుమాటలో ఉదాహరించినవే అయి ఉంటాయి.

తెలుగులో నిక్కచ్చి విమర్శకు చోటు లేదనడం సరికాదు. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో కవిత్వతత్త్వ విచారం రాసినప్పుడు ఎవరి మొహమూ చూడలేదు. 1924లో మొదలైన భారతి పత్రికలో పుస్తకాల మీద వాదోపవాదాలు నెలల తరబడి సాగేవి. కథల పుస్తకాన్ని ఎలా చూడాలో నేర్చుకున్నది వల్లంపాటి వెంకటసుబ్బయ్య వ్యాసాల నుంచి. నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించే ఉదాహరణ మాత్రం చేకూరి రామారావు ఆంధ్రజ్యోతిలో నడిపిన చేరాతలు. అప్పటికి ఎవరికీ తెలియని కవులను, ముఖ్యంగా స్త్రీలను, ఆ శీర్షిక పాఠకుల ముందు నిలబెట్టింది. ఆయన భాషాశాస్త్రవేత్త కావడం వల్ల కవితను పదం పదం పట్టుకుని అది ఎలా పనిచేస్తుందో చూపించేవారు, బాగుందని చెప్పి ఊరుకునేవారు కాదు. ఒక వారపు శీర్షిక కొత్త కవి జీవితాన్ని ఎంత మార్చగలదో ఆనాటి కవులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

రకరకాల ప్రక్రియల పుస్తకాలు ఒకే కట్టలో రావడం ఈ పనిలోని అసలు చిక్కు. నాకు వచ్చేవాటిలో కవిత్వానిదే పెద్ద వాటా. అందులోనూ నానీలు ఎక్కువ. ఎన్. గోపి 1997లో ప్రవేశపెట్టిన ఈ ప్రక్రియకు నాలుగు పాదాలు, ఇరవై నుంచి ఇరవై అయిదు అక్షరాలు అన్న కొలత ఉంది. అక్షరాలు లెక్కపెట్టడం ఎవరైనా చేయగలరు. సంపుటిలో లెక్క తప్పినవి ఎన్నో చెప్పి సమీక్ష అయిందనిపించవచ్చు కూడా. నేను చేసే పరీక్ష వేరు. నాలుగు పాదాలనూ కలిపి ఒకే వాక్యంగా కాగితం మీద రాసుకుంటాను. అలా రాసినప్పుడు ఏమీ పోకపోతే అది మొదటి నుంచీ వాక్యమే, పాదాలుగా విరగ్గొట్టడం వల్ల కవిత్వమై కనిపించింది. కలిపి రాయగానే ఏదో లోటు తెలిస్తే, ఆ లోటు ఏ పాదం దగ్గర ఉందో వెతికి, దాన్నే సమీక్షలో చూపిస్తాను. వచన కవితకూ ఇదే పరీక్ష పెడతాను. వంద నానీల సంపుటిలో ఈ పరీక్షకు నిలబడేవి పదో పన్నెండో ఉంటాయి, ఆ మాట దాచకుండా రాస్తాను. పన్నెండు మంచి నానీలు రాయడం చిన్న విషయమేమీ కాదని కూడా రాస్తాను.

పద్యం సంగతి ఇంకోలా ఉంటుంది. శతకాలు రాసేవారు లేరనుకునేవారికి నా అలమర చూపించాలి. పదవీ విరమణ చేసిన తెలుగు పండితులొకరు తమ ఊరి అమ్మవారి మీద రాసిన శతకం వచ్చింది. గణాలు, యతిప్రాసలు పరీక్షగా చూస్తే ఎక్కడా వేలు పెట్టే సందు లేదు. అయితే ఉత్పలమాలలో పాదం మొదటి అక్షరంతో పదో అక్షరం దగ్గర యతి కుదరాలి కదా, సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి పద్యం తర్వాత పద్యంలో ఏదో ఒక సంబోధన గాని, అర్థంతో పనిలేని విశేషణం గాని వచ్చి కూర్చుంటోంది. చంపకమాలలో పదకొండో అక్షరం దగ్గరా అదే తంతు. నాలుగో పాదం చాలావరకు మకుటానికే పోతుంది, మిగిలిన మూడు పాదాల్లో ఇలాంటి పూరణ పదాలను తీసేస్తే కవి చెప్పదలచుకున్నది ఒకటిన్నర పాదానికి మించడం లేదు. ఒకచోట మాత్రం వరదకు ఊరి చెరువు కట్ట తెగిన రాత్రిని వర్ణిస్తూ ఆయన అయిదు పద్యాలు వరసగా రాశారు. వాటిలో ఒక్క పూరణ పదం లేదు. చెప్పవలసినది ఉన్నచోట ఛందస్సు ఆయనకు అడ్డం రాలేదు సరికదా, ముందుకు తోసింది. సమీక్షలో ఆ అయిదు పద్యాల గురించే ఎక్కువ రాశాను, తక్కిన శతకానికీ వాటికీ ఉన్న తేడాను యతిస్థానాల దగ్గర చూపించాను. పండితులకు కోపం వస్తుందని సంపాదకులు సందేహించారు. ఆయన నుంచి ఒక కార్డు వచ్చింది. అందులో ఆయన ఆ తేడా గురించి ఏమీ అనలేదు, నేను ఉదాహరించిన పద్యంలో అచ్చులో పోయిన ఒక అరసున్నను మాత్రం ఎత్తిచూపారు.

కథల సంపుటుల్లో నాకు బాగా గుర్తుండిపోయింది సిరిసిల్ల నుంచి వచ్చిన ఒక పుస్తకం. రాసినాయన మరమగ్గాల మీద పనిచేసిన మనిషి. అక్కడ మరమగ్గాన్ని సాంచె అంటారు, ఒక్కో కార్మికుడు ఒకేసారి నాలుగైదు సాంచాలను చూసుకుంటాడు. ఒక కథలో భార్య పక్క గదిలో కూర్చుని కండెలకు నూలు చుడుతూ ఉంటుంది. సాంచాల మోతలో మాట వినపడదు, ఇద్దరూ సైగలతోనే బతుకుతుంటారు. ఉన్నట్టుండి ఆమె చెయ్యి ఆగుతుంది. మోత తగ్గినట్టు మనకు తెలియదు గాని, ఆ లయలో ఒక దెబ్బ లోపించిందని ఆమె చెవికి తెలుస్తుంది. కిటికీ దగ్గరున్న సాంచె ఆగిందని ఆమె వేలు చూపించేసరికి భర్త ఇంకా వెనక్కి తిరిగి ఏ పోగు తెగిందో వెతుక్కుంటూ ఉంటాడు. కథ అంతా ఆ చెవి మీద నడుస్తుంది. సాంచాలు ఒక్కొక్కటే అమ్ముడుపోయినప్పుడు ఆమెకు నిద్ర పట్టకపోవడం దాకా. అక్కడితో ఆగవలసిన కథలో భర్త చివరి రెండు పేజీల్లో నూలు ధరల గురించి, మార్కెట్టు గురించి, ప్రభుత్వాల గురించి ఉపన్యాసం ఇస్తాడు. సంపుటిలో పద్నాలుగు కథలుంటే తొమ్మిదింటిలో ఇదే వరస. సాంచె నడుస్తున్నంతసేపూ కథ నడుస్తుంది, అది ఆగగానే రచయిత వేదికెక్కుతాడు.

నా సమీక్షలో సగం చోటు ఆ కండెలు చుట్టే దృశ్యానికే ఇచ్చాను, దానికి తర్వాతి పేజీల్లోని ఉపన్యాసం ఎలా అడ్డుపడిందో రెండు వాక్యాల్లో చెప్పాను. పత్రిక వచ్చిన వారం ఆయన ఫోన్ చేశారు. పొగిడినందుకు థాంక్స్ చెప్పి వెంటనే, “మేడం, ఆ మాటలు తీసేస్తే మా బాధ ఎందుకొచ్చిందో చదివెటోళ్లకు ఎట్ల తెలుస్తది?” అని అడిగారు. అది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. సిరిసిల్ల గురించి ఏమీ తెలియని పాఠకుడికి ఆ ఉపన్యాసం కొత్త సంగతులు చెబుతుంది. “అదంతా ఆమెకు తెలిసినంత మేరకే కథలోకి రానివ్వండి, మీకు తెలిసినంతా రానవసరం లేదు కదండీ” అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. అలా చేస్తే హైదరాబాదులో కూర్చున్నవాళ్లకు కథ బాగుంటుందిగాని, తన పక్కింటివాళ్లకు కోపం చల్లారదన్నారు. కథ ఎవరికోసం రాస్తున్నామన్న విషయంలో మా ఇద్దరికీ ఇప్పటికీ రాజీ కుదరలేదు. ఆయన కొత్త కథ ఏ పత్రికలో వచ్చినా నాకు వాట్సాప్‌లో పంపుతూనే ఉన్నారు.

స్థానిక చరిత్రల విషయంలో సమీక్షకులు శైలి గురించి మాట్లాడి తప్పించుకోవడం కుదరదు, ఆధారాలు చూడాలి. కొండవీడు పరిసరాల్లోని తమ ఊరి చరిత్రను ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నూట ఎనభై పేజీల్లో రాశారు. కావలి సోదరుల సాయంతో బ్రిటిష్ సర్వేయరు కల్నల్ మెకంజీ సేకరింపజేసిన ఊళ్ల వృత్తాంతాలను, అంటే కైఫియత్తులను చూశారు, గుడి స్తంభం మీది శాసనాన్ని చదివించారు, 1876 నాటి ధాత కరువు గురించి ఊళ్లో తరతరాలుగా చెప్పుకుంటున్నవాటిని పోగుచేశారు. శాసనపాఠం ఇస్తూ ఒకచోట శక 1437, ధాత నామ సంవత్సరం అని వేశారు. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది, అంటే 1515. అది యువ నామ సంవత్సరం, శ్రీకృష్ణదేవరాయలు కొండవీడును పట్టుకున్న ఏడాది. ధాత ఆ మరుసటి ఏడు వస్తుంది. సంఖ్య తప్పా, పేరు తప్పా అన్నది తేలకపోతే ఊరి చరిత్రలోని ఒక ముఖ్యమైన దానం రాయల దండయాత్ర ఏడాది జరిగిందా, ఆ తర్వాత జరిగిందా అన్నది కూడా తేలదు. ఇలాంటివాటిని నేను సమీక్షలో పెట్టే ముందు రచయితను అడుగుతాను; అచ్చులో పట్టుబడేలా చేయడం కంటే అడగడమే మర్యాద, పాఠకులకు కూడా దానివల్లే మేలు. ఆయన శాసనం ఫొటో తీసి పంపించి, రాతి మీద యువ అనే ఉందని, తన నోటుపుస్తకంలో కూడా అలాగే ఉందని చూపించారు. కరువు అధ్యాయంలో మాటిమాటికీ వచ్చిన ధాత, టైపు చేసేటప్పుడు ఈ పేజీలోకి కూడా చొరబడింది. సమీక్షలో సరైన పాఠం ఇచ్చి, పుస్తకం కొన్నవారు ఫలానా పేజీలో దిద్దుకోవాలని రాశాను. అంతకంటే ముఖ్యంగా, ఆ ఊళ్లో ఏ బావిని ఎవరు తవ్వించారో, ఏ బావిలో ఎవరిని నీళ్లు తోడుకోనివ్వలేదో ఆయన పెద్దలను అడిగి వేసిన జాబితా గురించి రాశాను. విశ్వవిద్యాలయాల చరిత్రకారులు కొందరు ఆ జాబితా కోసమే పుస్తకం తెప్పించుకున్నారని ఆయన చెప్పారు.

అపరాధ పరిశోధన నవలలు ఈమధ్య మళ్లీ వస్తున్నాయి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌ను చదువుతూ పెరిగినవాళ్లు ఇప్పుడు ఉద్యోగాలు విరమించి సొంతంగా రాస్తున్నారు. వీటి సమీక్షలో కథను మూడో వంతుకు మించి చెప్పకూడదన్నది నేను పెట్టుకున్న హద్దు. హంతకుడెవరో తెలిశాక వెనక్కి వెళ్లి మళ్లీ చదువుతాను. పాఠకుడికి అందకుండా దాచిన ఆధారంతో కేసు తేల్చి ఉంటే ఆ ఒక్క మాట రాస్తాను, ఆ ఆధారం ఏమిటో రాయను. ఈ ప్రక్రియను తక్కువగా చూసే సాహిత్యకారులతో నాకు పేచీ ఉంది గాని, దానికి ఇది చోటు కాదు.

పిల్లల పుస్తకాలకు నా అభిప్రాయం ఒక్కటే చాలదు. మా అపార్టుమెంటులో మూడో తరగతి చదివే పాపకు ఇస్తాను, ఏమీ అడగను. ఎక్కడ ఆపిందో, ఎక్కడ బొమ్మ వైపు మళ్లిందో చూస్తాను. తెలుగు పిల్లల కథలకు అక్షరాల పరిమాణం పెద్ద శత్రువు. పెద్దల పుస్తకానికి వాడే పాయింటులోనే అచ్చువేసి, కాగితం మిగుల్చుకోవడానికి బొమ్మలను మూలకు నెట్టేస్తారు. ‘కాబట్టి పిల్లలూ’ అని కథ చివర మొదలయ్యే పేరాను ఆ పాప ఏనాడూ చదివిన పాపాన పోలేదు. అనువాదాలు వచ్చినప్పుడు మూలభాష నాకు తెలిసినదైతే కొన్ని పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తాను. తెలియనిదైతే తెలుగు వాక్యం గురించి మాత్రమే మాట్లాడుతున్నానని సమీక్షలోనే స్పష్టంగా రాస్తాను. ఆత్మకథలు చాలా జాగ్రత్త కోరతాయి. ఒకరి జీవితం బాగుందనీ బాగాలేదనీ చెప్పడానికి మనమెవరం? ఏం ఎంచుకుని చెప్పారు, బతికున్నవారి గురించి చెప్పేటప్పుడు న్యాయంగా ఉన్నారా అన్నంతవరకే చూస్తాను.

ఇక అచ్చుతప్పులు. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటాయి గనుక ఆ రెంటికీ అందుకోవాలని రచయితలు నవంబరు నుంచే ప్రెస్సుల చుట్టూ తిరుగుతారు. ఆ తొందరలో ప్రూఫులు చూసేది ఎక్కువగా రచయితే. తను రాసినదాన్ని తను చదివేటప్పుడు కన్ను కాగితం మీద ఉన్నదాన్ని చూడదు, మనసులో ఉన్నదాన్ని చూస్తుంది. దానికి తోడు ఫోనులో యూనికోడ్‌లో టైపు చేసినదాన్ని డీటీపీ వాళ్లు అచ్చుకు వాడే అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు కొన్ని ఎగిరిపోతాయి, రావత్తు పక్క అక్షరానికి అంటుకుంటుంది, పొల్లు వేరుగా నిలబడుతుంది. వీటిని సమీక్షలో ఏకరువు పెట్టడం నాకు నచ్చదు. మూడువందల యాభై మాటల చోటులో వంద మాటలు అచ్చుతప్పులకు పోతే పుస్తకం గురించి మిగిలేదేమిటి? ఒక వాక్యంలో ప్రస్తావించి, పేజీ సంఖ్యలతో జాబితా తయారుచేసి రచయితకు విడిగా పంపిస్తాను. ఇప్పుడు వంద ప్రతులు కూడా డిజిటల్‌గా వేయించుకోవచ్చు కాబట్టి ఆ జాబితా నిజంగానే ఉపయోగపడుతుంది.

రాయడం దగ్గరకు వచ్చేసరికి నాకు ఒక నిషిద్ధ పదాల పట్టిక ఉంది. హృద్యంగా, ఆద్యంతం ఆసక్తికరంగా, చేయి తిరిగిన, అభినందనీయం, ప్రతి ఇంటా ఉండదగిన, ఈ కలం నుంచి మరిన్ని రచనలు రావాలని ఆశిద్దాం. వీటిలో ఏదైనా నా చిత్తుప్రతిలోకి వచ్చిందంటే ఆ చోట నేను పుస్తకాన్ని వదిలేసి రచయిత మొహం తలచుకుంటున్నానని అర్థం. ఆ వాక్యం కొట్టేసి, పుస్తకంలోంచి ఒక వాక్యమో పాదమో తెచ్చి అక్కడ పెడతాను. పాఠకుడు ఆ పాదం చదివి నాతో విభేదించినా పుస్తకానికి లాభమే.

మొహమాటం ఈ రంగాన్ని తినేస్తున్నంతగా ఇంకేదీ తినడం లేదు. తెలుగు సాహిత్య లోకం చాలా చిన్నది. ఈరోజు నేను సమీక్షించే రచయిత రేపు ఒక సభలో నా పక్క కుర్చీలో కూర్చుంటారు, లేదా వారి వియ్యంకుడు మా బ్రాంచికి ఖాతాదారుగా వస్తారు. పుస్తకంతో పాటు “అమ్మా, నాలుగు మంచి మాటలు రాయండి” అని చీటీ పెట్టేవారున్నారు. సమీక్ష తామే రాసి పంపి, సంతకం పెట్టమన్నవారు కూడా ఉన్నారు. అవార్డుల దరఖాస్తుకు కత్తిరింపులు జతచేయాలి గనుక ఫలానా తేదీలోపు రావాలని గడువు పెట్టినవారూ ఉన్నారు. వీరందరి మీదా నాకు కోపం లేదు. పదేళ్లు రాసి, ఇంట్లో నసలు భరించి, చేతి డబ్బు పెట్టి పుస్తకం తెచ్చిన మనిషి ఆత్రపడటంలో వింతేముంది? కానీ ఆ ఆత్రానికి లొంగి రాసిన సమీక్ష ఎవరికీ అక్కరకు రాదు. రచయితకు అందులో నేర్చుకునేదేమీ ఉండదు, పాఠకుడు ఒకసారి నమ్మి కొన్నాక రెండోసారి ఆ పేజీ తిప్పేస్తాడు. అందుకే నాకు బంధుత్వమో స్నేహమో ఉన్నవారి పుస్తకాలను వెనక్కి పంపేస్తాను, కారణం కూడా చెబుతాను. ‘పేరులేనివాడు కదా, పోనీలే’ అన్న ధోరణి కూడా మొహమాటంలో ఒక రకమే. పేరున్న రచయిత కథలో పాత్ర అనవసరంగా ఉపన్యాసం ఇస్తే తప్పు పట్టే మనం, సిరిసిల్ల రచయిత కథలో దాన్ని చూసీచూడనట్టు వదిలేస్తే ఆయనను కథకుడిగా లెక్కలోకి తీసుకోలేదన్నమాట.

లోపాలు చెప్పే తీరు విషయంలో నేను ఒక క్రమం పాటిస్తాను. పుస్తకం ఏం చేయదలచిందో మొదట చెప్పాలి, అది కూడా రచయిత చదివి ‘అవును, ఇదే నా ఉద్దేశం’ అనుకునేలా ఉండాలి. అది సాధించిన చోటును ఉదాహరణతో చూపాలి. ఆ తర్వాతే తప్పిన చోటు, అది కూడా తర్వాతి పుస్తకంలో రచయిత చేతిలో ఉన్న విషయమైతేనే. వయసు, చదువు, ప్రాంతం, యాస, వృత్తి, ఇవేవీ లోపాలూ కావు, మినహాయింపులూ కావు. వెల ఎక్కువైందనిపిస్తే రాస్తాను; నూట ఇరవై పేజీలకు మూడువందల రూపాయలు పెడితే కొనేవారు ఆలోచిస్తారని రచయితకు ఎవరో ఒకరు చెప్పాలి. పుస్తకం దొరికే చోటు, ఫోను నంబరు సరిగ్గా పడ్డాయో లేదో చివరి ప్రూఫులో నేనే చూసుకుంటాను. సమీక్ష ఎంత బాగా రాసినా నంబరులో ఒక అంకె తప్పితే పుస్తకం అమ్ముడుపోదు.

అచ్చయ్యాక ఫోన్లు వస్తాయి. కొందరు రచయితలు ఒక్క మాట మాట్లాడరు, ఆరు నెలలకు ఇంకో పుస్తకం పంపుతారు, అదే వారి జవాబు. కొందరు వాదిస్తారు, అది నాకు ఇష్టం. పాఠకుల నుంచి ఫోన్లు తక్కువగానే వస్తాయి గాని, వచ్చినవి సూటిగా ఉంటాయి: పుస్తకం ఎక్కడ దొరుకుతుంది, మా అబ్బాయికి పనికొస్తుందా, రాసినాయనది ఫలానా ఊరేనా.

సమీక్ష ప్రతులను నేను అమ్మను. కథల సంపుటులను, అందులో ఒకటి రెండు కథలే మంచివైనా సరే, శ్రీకాకుళంలోని కథానిలయానికి పంపుతాను. కాళీపట్నం రామారావు 1997లో మొదలుపెట్టిన ఆ గ్రంథాలయంలో పేరున్న కథకుడికీ లేని కథకుడికీ ఒకే అలమర. పిల్లల పుస్తకాలు మా పనిమనిషి కూతురు చదివే బడికి వెళతాయి, స్థానిక చరిత్రలు ఆయా జిల్లాల గ్రంథాలయాలకు వెళతాయి. కవిత్వం అడిగినవారికి ఇస్తాను, అడిగేవారు తక్కువ. పెన్సిలు గీతలు బాగా పడిన ప్రతులను మాత్రం ఓ రెండు మూడేళ్లు దగ్గరే ఉంచుకుంటాను. ఏ రచయితైనా ఫోన్ చేసి ‘మీరన్నది ఏ పేజీ గురించండీ’ అని అడిగితే పేజీ తీసి చదివి వినిపించాలి కదా.